హాలు మధ్య గోడ, పదంగుళాల బీము: పని డైరీ

జనవరి 19, ఆదివారం

1986 పెద్ద వరద వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు నాన్నగారు రాజమండ్రిలో ఈ ఇల్లు కట్టించారు. పిల్లర్లు లేవు, బీములు లేవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, వాటి నెత్తిన శ్లాబు, అంతే. అప్పట్లో మా వీధిలో అందరూ అలాగే కట్టుకున్నారు. హాలు లోతు 11 అడుగులు, దాని వెనక భోజనాల గది ఇంకో 11 అడుగులు, రెండింటి మధ్యా 12 అడుగుల అడ్డుగోడ. పండక్కి పదిహేను మందిమి చేరితే సగం మంది గోడకి ఇవతల, సగం మంది అవతల. మొన్న కనుమ నాడు గారెల పళ్ళెం పట్టుకుని ఆ చిన్న గుమ్మంలోంచి పదిసార్లు తిరిగాక మా ఆవిడ తీర్పు చెప్పేసింది. వచ్చే సంక్రాంతికి ఈ గోడ ఉండకూడదట.

మొదట ఒక కాంట్రాక్టరు వచ్చి చూశాడు. "గోడే కదండీ, పొద్దున్నే పట్టుకుంటే భోజనాల వేళకి పడేస్తాం" అన్నాడు. పైన ఏముందో చూడ్డానికి మేడ కూడా ఎక్కలేదు. కాఫీ ఇచ్చి పంపేశాం.

ఇవాళ తాపీ మేస్త్రీ వచ్చాడు. గోడ వంక చూడనైనా చూడకుండా ముందు మేడెక్కాడు. సరిగ్గా ఆ గోడ మీదే మా 1000 లీటర్ల నీళ్ళ ట్యాంకు. దాన్ని అరచేత్తో తట్టి, "నిండితే ఇదొక టన్నండి బాబుగారూ. కింద గోడుందని ఎవరో తెలిసే ఇక్కడ పెట్టారు. ముందు దీనికి చోటు చూడండి, తర్వాత గోడ మాట" అన్నాడు. పని ఈయనకే.

జనవరి 26, ఆదివారం

బావమరిది కాకినాడ నుంచి వచ్చాడు. బిల్డింగుల లెక్కలు కట్టడమే వాడి ఉద్యోగం. మెట్ల దగ్గర శ్లాబు అంచు బయటికి కనిపిస్తుంది కాబట్టి అక్కడ టేపు పెట్టి చూస్తే మందం 5 అంగుళాలు. దాని మీద సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీ పొర ఇంకో 3.

డైనింగ్ టేబుల్ మీద కాగితం పరిచి కూర్చున్నాం. చదరపు మీటరుకి శ్లాబు 312 కిలోలు, సుర్కీ 150, పైన మనుషులు తిరిగే బరువు కింద ఇంకో 150. మొత్తం 612. గోడకి అటు సగం, ఇటు సగం కలిపితే 11 అడుగుల వెడల్పు, అంటే 3.35 మీటర్ల శ్లాబు ఈ గోడ వాటా. గుణిస్తే మీటరుకి 2050 కిలోలు. నేను పెన్ను మూత పెట్టబోయాను.

"ఆగు బావా. ఈ శ్లాబు గోడ దగ్గర తెగలేదు, రెండు గదుల మీదుగా ఒకే ముక్కగా పోసింది. అలాంటప్పుడు మధ్య గోడ మీద సగం సగం పడదు. పావు వంతు ఎక్కువ పడుతుంది."

ఒక పొడుగాటి స్కేలుని మూడు గ్లాసుల మీద పెట్టి రెండు పక్కలా వేళ్ళతో నొక్కి చూపించాడు. మధ్య గ్లాసు చివరి గ్లాసుల కన్నా చాలా ఎక్కువ మోస్తుంది. ఆ పావు కలిపి, బీము సొంత బరువు కలిపితే మీటరుకి 2600 కిలోలు. మొత్తం 12 అడుగులకీ తొమ్మిదిన్నర టన్నులు. అసలు ఈ శ్లాబు నాలుగు గోడలకీ పంచే రకమేనట, అయినా బరువంతా ఈ గోడ మీదే వేసి లెక్క కట్టాడు. పాత ఇంట్లో శ్లాబు లోపల కమ్మీ ఎలా కట్టారో కళ్ళతో చూడలేం కాబట్టి ఆ మాత్రం పిసినారితనం లేకపోవడమే మంచిదన్నాడు.

మేస్త్రీ అంతకుముందే "ఎనిమిదంగుళాల బీము చాలండి, ఎన్ని ఇళ్ళకి వేయలేదు" అని ఉన్నాడు. అంటే ఐఎస్‌ఎంబీ 200. ఐ ఆకారపు ఇనుప బీముల సైజు పేరది, 200 అంటే మిల్లీమీటర్లలో లోతు. లెక్కలో అది రెండు చోట్ల తప్పింది. ఇనుములో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 220 న్యూటన్లకి పోయింది. బావమరిది పట్టుకునే పాత పద్ధతి ప్రకారం 165 దాటకూడదు. వంపు 17 మిల్లీమీటర్లు వచ్చింది. పగిలే గోడలూ ప్లాస్టరింగూ ఉన్నచోట స్పాన్‌లో (ఆనికల మధ్య దూరంలో) 360వ వంతు, అంటే మా 12 అడుగుల చిల్లరకి 10.8 మించకూడదు. అదే పదంగుళాల బీము, ఐఎస్‌ఎంబీ 250, వేస్తే ఒత్తిడి 120, వంపు ఏడున్నర. లోతు రెండంగుళాలు పెరిగితే వంపు సగానికి పైగా తగ్గింది. బరువు చూస్తే మీటరుకి పన్నెండు పదమూడు కిలోలే తేడా.

గోడ తీసే పని ఎప్పుడు మొదలెడదాం అంటే అమ్మ పంచాంగం తీసింది. పుష్యమాసంలో ఇంటి మీద గునపం పడకూడదట. 29న అమావాస్య, 30 నుంచి మాఘం. ట్యాంకు మార్చడానికి ప్లంబరు ఎలాగూ ఈ వారం దొరకడు కాబట్టి అమ్మ మాటే నెగ్గింది.

ఫిబ్రవరి 4, మంగళవారం, రథసప్తమి

ట్యాంకు మెట్ల గది మీదికి మారింది. ప్లంబరు మూడు రోజులు చేశాడు, రోజుకి రెండేసి గంటలు.

అమ్మ తులసి దగ్గర చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి వచ్చేసరికి మేస్త్రీ పెరట్లోంచి గోడకి మొదటి దెబ్బ వేశాడు. బీము చివరలు కూర్చునే చోట్లు ముందు తయారవ్వాలి. తూర్పు చివర బయట గోడలోకి, పడమర చివర అమ్మ పడగ్గది గోడలోకి. బీము మొత్తం 13 అడుగుల 6 అంగుళాలు: 12 అడుగుల ఖాళీ, అటూ ఇటూ 9 అంగుళాల చొప్పున ఆనిక.

ఒక్కో చివర ఐదు టన్నులకి కాస్త తక్కువ దిగుతుంది. బీము రెక్క వెడల్పు 5 అంగుళాలే. తిన్నగా ఇటుక మీద పెడితే చదరపు సెంటీమీటరుకి 16 కిలోలు. ముప్పై ఎనిమిదేళ్ళ నాటి దేశవాళీ ఇటుక అది మోయదు, మెల్లగా పొడై బీముని కిందికి దింపుతుంది. అందుకని ఒక్కోచోట గోడ పొడుగునా అడుగున్నర, మందం 9 అంగుళాలు, ఎత్తు అడుగు కొలతలో కాంక్రీటు దిమ్మ. అప్పుడు నాలుగున్నర కిలోలకి తగ్గుతుంది. గుడిలో స్తంభం కింద రాతి దిమ్మ ఎందుకుంటుందో ఇన్నాళ్ళకి లెక్కలో చూశాను.

తూర్పు గోడ పునాది కూడా ఒకచోట తవ్వి చూశాం. రెండున్నర అడుగుల దగ్గర రాతి కట్టు, దాని కింద ఎర్ర మొరం. బావమరిదికి ఫొటో పంపితే బొటనవేలు బొమ్మ వచ్చింది.

అమ్మకి ఒక్కటే అనుమానం. "దూలం కింద పడుకోకూడదంటారు. అది నా గదిలోకి వస్తుందా?" గోడ మందంలోనే ఆగిపోతుందని, తన మంచం మీదికి అంగుళం కూడా రాదని టేపు పెట్టి చూపించాను. టేపుని నమ్మింది కానీ మంచం మాత్రం రెండడుగులు అవతలికి జరిపించింది.

ఫిబ్రవరి 5, బుధవారం

దిమ్మలు పోశాం. సిమెంటు ఒకటికి ఇసక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళు. లోపల 10 మిల్లీమీటర్ల కమ్మీ బుట్టలా కట్టి పెట్టారు. గోనె సంచులు తడిపి కప్పడం నా డ్యూటీ, రోజుకి మూడు పూటలు. వారానికి కాంక్రీటుకి మూడింట రెండు వంతుల బలమే వస్తుంది. మేస్త్రీ "ఎల్లుండి గోడ తీసేద్దామండీ" అంటే ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

నా తప్పు. రాసుకోవాల్సిందే.

సాయంత్రం నీళ్ళ పైపు పట్టి రెండు దిమ్మల మట్టం చూశాం. సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొన దగ్గర నేను, రెండో కొన దగ్గర మేస్త్రీ. నీళ్ళు ఊగి ఊగి ఆగాక గుర్తులు పెడితే తూర్పు దిమ్మ 14 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఎందుకో ఒక్క నిమిషంలో అర్థమైంది. దిమ్మ ఎత్తు గుర్తులు నేనే పెట్టాను, రెండు చోట్లా నేల మీంచి టేపు పట్టి. నేల సమంగా ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? కడిగిన నీళ్ళు పెరటి గుమ్మం వైపు పోవాలని నాన్నగారు మొజాయిక్ వేయించినప్పుడే తూర్పుకి వాలు ఇప్పించారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ వాలు మీదే నీళ్ళు పోసి కడుగుతున్నాం.

మేస్త్రీ ఏమీ అనలేదు. గొట్టంలో నీళ్ళు మొక్కకి పోసి, "పైపు ముందే పట్టాల్సిందండి" అన్నాడు, తనని తాను అనుకుంటున్నట్టు. ఆయన పట్టకపోవడానికి కారణం నేను గుర్తులు పెట్టేశానని చెప్పడమే.

పగలగొట్టి మళ్ళీ పోయక్కర్లేదన్నాడు బావమరిది. దిమ్మ మీద ఇనుప ప్లేటు, ప్లేటు కింద ఆరినా కుంచించుకుపోని గ్రౌటు అనే మాలు ఎలాగూ 10 మిల్లీమీటర్లు పోయాలి. తూర్పున అది 24 పోస్తే సరి.

ఫిబ్రవరి 13, గురువారం

ఇనుము కొట్టులో 12 మీటర్ల పొడుగు బీములు దొంతరగా పడున్నాయి. 250ది ఒకటి ఎంచుకుని, దారం లాగి వంకర లేదని చూసుకుని 13 అడుగుల 6 అంగుళాలకి గ్యాసు కటింగు చేయించాం. లెక్క ప్రకారం మీటరుకి 37.3 చొప్పున 153 కిలోలు రావాలి. కాటా మీద 151. ఆ మాత్రం తేడా మిల్లులోనే ఉంటుంది. కిలో 64, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 11,400 చిల్లర. మొత్తం ఖర్చులో బీము ధర ఇంత చిన్నదని అనుకోలేదు. శ్లాబుకి ఆసరా పెట్టే జాకీలు, కూలీ, రబ్బిషు ట్రాక్టర్లు కలిపితే దీనికి నాలుగింతలు అయ్యేలా ఉంది.

ట్రాలీ ఆటోలో వెనక్కి పొడుచుకొచ్చిన చివరకి ఎర్ర గుడ్డ కట్టుకుని ఇంటికి చేరాం. వెల్డరు రెండు చివర్లా నడుం పలకకి రెండు పక్కలా, అది వంకరపోకుండా, స్టిఫ్‌నర్ ముక్కలు అతికాడు. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు. పై రెక్క మీద మాత్రం పెయింటు వద్దన్నాం. అక్కడ సిమెంటు పట్టాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

సెంట్రింగ్ సామాను కొట్టు నుంచి పది ఇనుప జాకీలు. మేస్త్రీకి సరుగుడు బాదుల మీదే నమ్మకం. బాదు కింద చీలిక కొడితే బిగుస్తుంది, విప్పేటప్పుడు మాత్రం ఒక్క దెబ్బకి వదిలేస్తుంది. జాకీకైతే మర ఉంటుంది, పావు చుట్టు పావు చుట్టు దింపొచ్చు. దీని మీద కాసేపు వాదన నడిచి జాకీలే గెలిచాయి.

గోడకి అటు ఐదు, ఇటు ఐదు, మూడడుగుల దూరంలో రెండు వరసలు. పైన శ్లాబు అడుగున పొడుగునా మందపాటి దుంగ, కింద మొజాయిక్ మీద పలకలు. పైన మనుషులెవరూ తిరగరు కాబట్టి శ్లాబు, సుర్కీ బరువే. జాకీకి సుమారు 700 కిలోలు. బిగించేటప్పుడు అతి చేయకూడదు. శ్లాబుని పైకి ఎత్తితే అదే కొత్త పగులు. చేత్తో బిగిసేంత వరకు బిగించి, ఆపైన రాడ్డుతో పావు చుట్టు. అంతే.

గోడ పైనుంచి తీశారు. బ్రేకర్ మెషీను తెచ్చారు గానీ పై నాలుగు వరసలకి వాడనివ్వలేదు. ఆ అదురు శ్లాబుకి పోతుంది. ఉలీ సుత్తీ. అందరికన్నా పై వరస, శ్లాబుని తాకే వరస, ఒక్కో ఇటుకా వదులు చేసి లాగుతుంటే మేస్త్రీ కేకేశాడు. "బాబుగారూ, ఇలా చూడండి."

ఇటుకల నెత్తిన పాత న్యూస్ పేపరు. శ్లాబు గోడకి అతుక్కోకుండా, ఎండకి సాగి ముడుచుకునేటప్పుడు జారడానికి వీలుగా గోడ పైన నున్నగా పూత పూసి కాగితం పరిచేవారు. కాగితం ముట్టుకుంటే పొడైపోయింది. కానీ తలెత్తి చూస్తే శ్లాబు అడుగున దాని అచ్చు దిగి ఉంది. 9 అంగుళాల వెడల్పున బూడిద రంగు కాంక్రీటు మీద తిరగబడ్డ తెలుగు అక్షరాలు, గుడులూ కొమ్ములూ ఎడం వైపుకి. మా ఆవిడ చేతి అద్దం తెచ్చింది. అద్దంలో చదివితే ఒకచోట సైకిల్ ట్యూబుల ప్రకటన, దాని పక్కన సగం తెగిన పెళ్ళి కబురు. నాన్నగారు చదివేసిన పేపరే అయ్యుంటుంది. ఫొటో తీసుకున్నాను, రేపు దాని మీద సిమెంటు పడిపోతుంది కదా.

మధ్యాహ్నం ఒక కుర్రాడు గోడలో వైరు గొట్టం తెంపాడు. మెయిన్ ఆపించి ఉంచాం కాబట్టి సరిపోయింది. మూడింటికి గోడ లేదు. రెండు గదులు ఒకటయ్యాయి, మధ్యలో పది జాకీల అడవి. రాత్రి ఆ శ్లాబు కింద పడుకోవద్దని బావమరిది ఆర్డరు. అందరం మెట్ల పక్క గదిలో ఇరుక్కున్నాం.

ఫిబ్రవరి 17, సోమవారం

పదమూడున్నర అడుగుల బీముని 12 అడుగుల గదిలో ఎత్తితే చివరలు గోడల్లోకి ఎలా దూరతాయి? ఈ ప్రశ్న జనవరిలోనే మేస్త్రీ వేశాడు కాబట్టి ఇవాళ ఇబ్బంది పడలేదు. తూర్పు గోడ కన్నం ఈ పక్క నుంచి ఆ పక్కకి, పెరట్లోకి తీశాం. అవతల మామిడిచెట్టు దాకా ఇరవై అడుగుల ఖాళీ ఉంది. పెరట్లో కన్నం ఎత్తుకి ఇనుప మంచె కట్టి, చైన్ బ్లాకుతో బీముని దాని మీదికి ఎత్తి, కింద జీఐ పైపు ముక్కలు వేసి, సూదిలోకి దారం ఎక్కించినట్టు ఇంట్లోకి తోశారు.

ఎత్తే ముందు అమ్మ వచ్చింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. "ఇనుపదైతే మాత్రం? దూలం దూలమే" అంది. రెడ్ ఆక్సైడ్ మీద పసుపు బాగానే పట్టింది.

లోపల మంచె మీద ఇద్దరు, బయట నలుగురు. గదిలోకి సగం వచ్చేసరికి ముక్కు బరువుకి వాలింది. లోపలి మంచె మీద పైపు ముక్క వెయ్యడం ఒక్క క్షణం ఆలస్యమైతే పడమర చివర వెళ్ళి జాకీకి తగిలేదే. మేస్త్రీ "ఆపండెహే!" అని అరిచిన అరుపు వీధి చివరి టీ కొట్టు దాకా వినపడిందట. అరగంటలో చివర పడగ్గది గోడ కన్నంలోకి వెళ్ళి కూర్చుంది. బయట చివర రెండంగుళాలు గోడ లోపలికే ఉండేలా చూశాం, ప్లాస్టరింగుతో మూసేయాలి, వాన తగలకూడదు.

ఆ రెండంగుళాలు ఎక్కడివని బావమరిది ఫోన్లో నిలదీశాడు. లెక్క నిజమే, ఆనిక తూర్పున 7 అంగుళాలకి తగ్గి పడమరన 9 కన్నా పెరిగింది. పడమర కన్నం కూడా ఈ పక్క నుంచి ఆ పక్కకి తీసిందే కాబట్టి చివర అమ్మ గదిలోకి పొడుచుకొచ్చింది. వాడు వెనక్కి అంగుళం లాగించి, తూర్పు 8, పడమర 10 దగ్గర ఒప్పుకున్నాడు. ఆ మిగిలిన అంగుళం ప్లాస్టరింగు కింద కప్పెయ్యాలి. అమ్మకి ఇచ్చిన మాట ఒక అంగుళం తప్పింది. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు.

రెండు ప్లేట్లనీ నీళ్ళ పైపుతో మట్టానికి తెచ్చి, కింద గ్రౌటు పోశాం. పడమర 10, తూర్పు 24.

ఫిబ్రవరి 19, బుధవారం

బీము వెయ్యడం అంటే పైకి ఎక్కించడమే అనుకునేవాణ్ణి. అసలు పని ఇవాళ జరిగింది, బీముకీ శ్లాబుకీ మధ్య ఉన్న సందులో.

ఇప్పటికి బీము ఏమీ మోయడం లేదు. బరువంతా జాకీల మీద ఉంది. సందు కొలిస్తే పడమర 18 మిల్లీమీటర్లు, మధ్యలో 10, తూర్పు 22. అంటే శ్లాబు అడుగు కూడా సమంగా లేదు. 1987లో గోడ పైవరస ఎలా ఉంటే కాంక్రీటు అలా పడింది. మేస్త్రీ మామూలుగా చేసే పద్ధతి పల్చటి మాలు కుక్కేయడం. పల్చటి మాలు ఆరితే కుంచించుకుంటుంది. ఒక మిల్లీమీటరు కుంచించుకున్నా జాకీలు తీసిన రోజు శ్లాబు ఆ మిల్లీమీటరు దిగి అప్పుడు బీము మీద కూర్చుంటుంది. శ్లాబు అలా దిగుతుంటే పగులు తప్పదు. బీము ముందే బరువు ఎత్తుకోవాలి.

వెల్డరు 3, 5, 6, 8 మిల్లీమీటర్ల మందంలో అరచెయ్యంత ప్లేటు ముక్కలు కోసి పెట్టాడు. ప్రతి అడుగున్నరకీ ఒక జత. అంచులు ఏటవాలుగా గ్రైండు చేసిన చీలిక ముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టి, రెండు పక్కల నుంచి సుత్తితో కొడితే జత మందం పెరిగి బిగుస్తుంది. మధ్య నుంచి మొదలెట్టి అటొకటి ఇటొకటి.

ఎంత కొట్టాలి? దానికి మేస్త్రీ దగ్గర కొలత ఉంది. బరువు మోస్తున్న జాకీని సుత్తితో మెల్లగా తడితే "ఖంగ్"మని మోగుతుంది, గుడి గంట చివర్లో వచ్చే మోతలాగా. బరువు లేని జాకీ "టక్"మని ఊరుకుంటుంది. పొద్దున్న పదీ ఖంగ్‌మన్నాయి. మధ్య జత మీద ఏడెనిమిది దెబ్బలు పడ్డాక పక్క జాకీని తట్టాడు. మోత కాస్త బొంగురు పోయింది. ఇంకో రెండు దెబ్బలు. ఇంకా బొంగురు. "చాలండి. ఇంతకన్నా కొడితే శ్లాబు లేస్తుంది." నేను చెవి జాకీకి ఆనించి విన్నాను. తేడా నిజంగా తెలుస్తోంది. సాయంత్రానికి తొమ్మిది జతలూ బిగిశాయి. అన్ని జాకీలూ ఇంకా మోగుతున్నాయి కానీ పొద్దుటి మోత కాదు. బీము కొంత ఎత్తుకుంది, జాకీలు కొంత మోస్తున్నాయి.

మిగిలిన సందులో పొడి మాలు. ఒకటికి రెండు పాళ్ళ సిమెంటూ ఇసకా, పిడికిట పట్టి వదిలితే ముద్దగా నిలవాలి కానీ చెయ్యి తడవకూడదు. అంత నీళ్ళే. చెక్క ముక్క పెట్టి సుత్తితో దట్టించి దట్టించి నింపారు. ఆ సైకిల్ ట్యూబుల ప్రకటన దాని వెనక్కి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

పనేమీ లేదు. రాత్రి జాగారం ఉన్నవాళ్ళం హాల్లో జాకీల మధ్యే కూర్చున్నాం.

మార్చి 2, ఆదివారం

జాకీలు దింపే రోజు. బావమరిది పొద్దున్నే దిగాడు.

బీము మధ్యలో కింద రెక్కకి దిగువన ఒక అల్యూమినియం గొట్టాన్ని నిలువుగా నిలబెట్టాం. గొట్టం పైకొనకీ బీముకీ మధ్య సందు ఉక్కు స్కేలుతో సరిగ్గా 20 మిల్లీమీటర్లు. మూలల దగ్గర గోడల మీద సన్నని గాజు పట్టీలు రెండు సిమెంటుతో అతికించాం. గోడ కదిలితే గాజు ముందు చిట్లుతుంది.

మధ్య జాకీల నుంచి మొదలు. రెండు వరసల్లోనూ ఒకేసారి పావు చుట్టు, తర్వాత పక్కవి, తర్వాత చివరివి, మళ్ళీ మధ్యకి. ప్రతి రౌండుకీ ఆగడం, స్కేలు పెట్టడం. రెండో రౌండుకి 19. నాలుగుకి 18. ఎవరూ మాట్లాడ్డం లేదు, వంటింట్లో కుక్కరు విజిలేస్తే అందరం ఉలిక్కిపడ్డాం. ఆరో రౌండుకి మధ్య జాకీ "టక్"మంది. తర్వాత ఒక్కొక్కటే. పదీ మూగబోయాక స్కేలు పెడితే 17.

మూడు మిల్లీమీటర్లు. శ్లాబు, సుర్కీ బరువుకే ఐదున్నర రావచ్చని లెక్క. శ్లాబు పక్క గోడలకి కూడా కొంత పంచుతోందన్నమాట, పైగా చీలికలు కొట్టినప్పుడే కొంత వంగి ఉంటుంది. గాజు పట్టీలు చెక్కు చెదరలేదు. మేడ మీద ఐదుగురం ఎక్కి సరిగ్గా మధ్యన నిలబడ్డాం, కింద మా ఆవిడ స్కేలు చూసింది. కదలలేదు. బావమరిదికి మధ్యాహ్నం భోజనంలో పులస పెట్టమని మేస్త్రీ సిఫారసు చేశాడు. మార్చిలో పులస ఎక్కడ దొరుకుతుంది, కొరమేను పెట్టాం.

మార్చి 9, ఆదివారం

వారం నుంచి స్కేలు 17 దగ్గరే ఉంది. బీము చుట్టూ కోడి మెష్ కట్టి ప్లాస్టరింగు చేశారు. అగ్గి తగిలితే ఇనుము మెత్తబడుతుంది కాబట్టి దీన్ని ఒళ్ళు కనిపించేలా వదలొద్దన్నాడు బావమరిది. కంటికి మాత్రం హాలు మధ్యలో పదంగుళాల దూలం వేలాడుతున్నట్టే ఉంది. అలవాటైపోతుందేమో. పడగ్గది గోడ మీద ఆ అంగుళం ప్లాస్టరింగు కింద కొంచెం ఉబ్బెత్తుగా తేలింది, అమ్మ దానికి క్యాలెండరు తగిలించింది. ఏమీ అనలేదు.

జాకీలు తిరిగిచ్చేశాం. వాటి కింద పలకలున్న చోట మొజాయిక్ మీద రెండు బిళ్ళలు చిట్లాయి.

అసలు తలనొప్పి ఇంకోటి. గోడ ఉన్నచోట నేల మీద 12 అడుగుల పొడుగు, 9 అంగుళాల వెడల్పు పట్టీ, మొజాయిక్ లేకుండా ఇటుకలు కనపడుతూ. మా ఆవిడ అక్కడ నల్ల కడప రాయి వేద్దామంటుంది. అమ్మకి నాన్నగారు వేయించిన ఆ పచ్చ చుక్కల మొజాయిక్కే కావాలి. ధవళేశ్వరం దాకా నాలుగు కొట్లు తిరిగాను, అలాంటి బిళ్ళలు ఇప్పుడెవరూ పోయడం లేదు. ప్రస్తుతానికి దాని మీద చాప పరిచి ఉంచాం.